పెద్దపేగులో కొవ్వుగడ్డ: నిర్ధారణ ఎలా జరగాలి, చికిత్స ఎప్పుడు అవసరం

కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) రిపోర్టులోనో, వేరే కారణంతో తీయించుకున్న సీటీ స్కాన్‌లోనో పెద్దపేగులో లైపోమా ఉందని రాసి ఉంటే, ఇంట్లో అందరికీ మొదట వచ్చే ఆలోచన క్యాన్సరే. ఇందుకు మన మాటలు కూడా కొంత కారణం. చీము పట్టిన సెగగడ్డనూ, భుజం మీద ఏళ్ల తరబడి నొప్పి లేకుండా ఉండే కొవ్వు ముద్దనూ, ప్రాణం తీసే కణితినీ మనం గడ్డ అనే పిలుస్తాం. లైపోమా వీటిలో రెండో రకానికి చెందినది. చర్మం కింద పెరిగే కొవ్వుగడ్డలాంటిదే పేగు గోడలో పెరిగితే దాన్ని పెద్దపేగు లైపోమా అంటారు. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు ముందు దశ కూడా కాదు. అయితే ఈ భరోసా ఇచ్చే ముందు అది నిజంగా లైపోమాయేనని తేల్చుకోవాలి. తేలిన తరువాత దాన్ని వదిలేయాలా, తీసేయాలా అన్నది నిర్ణయించాలి. ఈ రెండు పనులూ ఏ వరుసలో, ఏ ఆధారాలతో జరగాలో రోగులకూ, వారి వెంట ఆసుపత్రికి వెళ్లే కుటుంబసభ్యులకూ తెలిసి ఉంటే, అక్కరలేని ఆపరేషన్లు తగ్గుతాయి, అవసరమైన పరీక్షలు వాయిదా పడకుండా ఉంటాయి.

గడ్డ ఏ పొరలో ఉంది

పెద్దపేగు గోడలో లోపలి నుంచి వెలుపలికి నాలుగు పొరలు ఉంటాయి: మలాన్ని తాకుతూ ఉండే శ్లేష్మపొర, దాని కింద రక్తనాళాలతో వదులుగా ఉండే సబ్‌మ్యూకోసా, ఆపైన కండరపొర, అన్నిటికీ వెలుపల సన్నని సెరోసా. పేగు క్యాన్సర్లూ, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న అడినోమా పాలిప్‌లూ (పేగు లోపలి పొర మీద మొలిచే చిన్న పెరుగుదలలు) మొదటి పొర అయిన శ్లేష్మపొరలో పుడతాయి. లైపోమాల్లో దాదాపు 90 శాతం రెండో పొర అయిన సబ్‌మ్యూకోసాలోని కొవ్వు కణాల నుంచి పుట్టి, పైనున్న శ్లేష్మపొరను పేగు లోపలికి ఉబ్బిస్తాయి. దుప్పటి కింద చిన్న దిండు పెట్టినప్పుడు దుప్పటి చిరగకుండా పైకి లేచినట్టే, గడ్డ మీది శ్లేష్మపొర మామూలుగా, నునుపుగా ఉంటుంది. పరీక్షల్లో కనిపించే గుర్తులన్నిటికీ, చికిత్సలో ఎదురయ్యే చిక్కులన్నిటికీ మూలం ఈ ఒక్క విషయంలోనే ఉంది కనుక దీన్ని బాగా గుర్తుంచుకోవాలి.

ఈ గడ్డను వైద్య గ్రంథాల్లో మొదట వర్ణించినది 1757లో బావర్ అనే వైద్యుడని చెబుతారు. వేర్వేరు పరిశీలనల్లో ఇది 0.2 నుంచి 4.4 శాతం మందిలో కనిపించింది. 50 నుంచి 70 ఏళ్ల మధ్య వయసువారిలో, పురుషుల కంటే స్త్రీలలో కొంచెం ఎక్కువగా బయటపడుతుంది. కడుపు కుడి వైపున ఉండే సీకమ్ (పెద్దపేగు మొదలయ్యే సంచిలాంటి భాగం), అసెండింగ్ కోలన్ (అక్కడి నుంచి పైకి వెళ్లే భాగం) దీనికి ఎక్కువగా చోటిచ్చే భాగాలు. చాలామందికి ఒకటే ఉంటుంది, కొద్దిమందికి రెండు మూడు ఉండవచ్చు. తిండిలో నెయ్యి, నూనె ఎక్కువైనందువల్ల ఇది పుట్టదు, వాటిని మానేసినందువల్ల కరగదు. కొవ్వు కరిగిస్తామని అమ్మే మందులూ, కషాయాలూ దీని మీద పనిచేయవు కనుక వాటి కోసం డబ్బు, అంతకంటే విలువైన సమయం పోగొట్టుకోవద్దు.

లక్షణాలను ఎలా చదవాలి

2 సెంటీమీటర్లకు లోపు ఉన్న లైపోమా సాధారణంగా ఏ బాధా పెట్టదు. ఆ పరిమాణం దాటాక లక్షణాలు మొదలయ్యే అవకాశం పెరుగుతుంది, 4 సెంటీమీటర్లు దాటిన గడ్డలు ఉన్నవారిలో ఎక్కువమందికి ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. ఉండి ఉండి వచ్చే కడుపునొప్పి, కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు, మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత ఇందులో ముఖ్యమైనవి. గడ్డ పెద్దదై మలం రాపిడికి గురైనప్పుడు దాని కొన మీద పుండు పడి రక్తం కారుతుంది. చాలా అరుదుగా గడ్డ తెగిపోయి మలంతో పాటు బయటకు వచ్చేయడం కూడా జరుగుతుంది.

ఇక్కడ రెండు పొరపాట్ల నుంచి జాగ్రత్తపడాలి. మలంలో రక్తం కనిపిస్తే వేడి చేసిందనో, మొలలనో అనుకుని ఏళ్లు గడపడం మొదటిది. రెండోది దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది: కొలనోస్కోపీలో చిన్న లైపోమా కనిపించగానే రోగి బాధలన్నిటినీ దాని ఖాతాలో వేసి వెతకడం ఆపేయడం. 1 సెంటీమీటరు ఉన్న, పైపొర చెక్కుచెదరని లైపోమా హిమోగ్లోబిన్‌ను 7 గ్రాములకు దించదు. అటువంటి రోగిలో రక్తం ఎక్కడ పోతోందో జీర్ణాశయంలోనూ, అవసరమైతే చిన్నపేగులోనూ వెతకాలి. నా దృష్టిలో ఈ రెండో పొరపాటే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే కారణం దొరికిందన్న తృప్తి వైద్యుడినీ, రోగినీ ఇద్దరినీ నిద్రపుచ్చుతుంది.

నొప్పి తీరును కూడా గమనించాలి. పెద్ద లైపోమాను పేగు కదలికలు ముందుకు నెట్టినప్పుడు, గడ్డతో పాటు ఆ పేగు భాగం కూడా తరువాతి భాగంలోకి దూరిపోవచ్చు. చొక్కా చేతిని లోపలికి మడిచినట్టు ఒక గొట్టంలోకి మరో గొట్టం చొచ్చుకుపోయే ఈ స్థితిని ఇంటస్ససెప్షన్ అంటారు. అది దానంతట అదే విడిపోతే నొప్పి హఠాత్తుగా తగ్గిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. నొప్పి లేని రోజున తీసిన స్కాన్‌లో ఆ చొచ్చుకుపోవడం కనిపించకపోవచ్చు కనుక, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, వాంతులు అయ్యాయా, ఆ సమయంలో కడుపులో ముద్దలా ఏమైనా చేతికి తగిలిందా అన్న వివరాలను తేదీలతో రాసుకుని వైద్యుడికి చూపడం చాలా ఉపయోగపడుతుంది.

కొలనోస్కోపీకి సిద్ధం కావడం

లైపోమాలు ఎక్కువగా ఉండేది కుడివైపు పెద్దపేగులో. పేగు సరిగా శుభ్రం కాకపోతే సరిగ్గా ఆ భాగమే మలంతో మూసుకుపోయి కనిపించదు. అందుచేత పరీక్ష నాణ్యతలో సగం భారం రోగి చేతిలోనే ఉంది. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచే ఆకుకూరలు, గింజలున్న కూరగాయలు, జామ వంటి పండ్లు మానేసి, పెరుగన్నం, ఇడ్లీ వంటి తేలికైన ఆహారం తీసుకోవాలి. ముందు రోజు ఆసుపత్రివారు చెప్పిన ప్రకారం ద్రవాలకు పరిమితం కావాలి. ఐరన్ మాత్రలు వాడుతున్నవారికి మలం నల్లగా, జిగటగా మారి పేగుకు అంటుకుంటుంది కనుక వాటిని సుమారు వారం ముందే ఆపమని చెబుతారు. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి కలిపిన ద్రావణాన్ని మొత్తం ముందు రోజు రాత్రే తాగేయడం కంటే, సగం రాత్రి, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగితే కుడివైపు పేగు బాగా శుభ్రపడుతుంది. చివరికి వచ్చే విరేచనం మూత్రంలా పసుపు రంగులో, తేటగా ఉండాలి; ఇంకా మడ్డిగా వస్తుంటే ఆ సంగతి దాచకుండా నర్సుకు చెప్పాలి.

మధుమేహం మందులు, ఇన్సులిన్, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు తమంతట తాము వాటిని ఆపకూడదు, వైద్యుడిని అడగకుండా ఎప్పటిలా వేసుకునీ వెళ్లకూడదు. ఎప్పుడు ఆపాలో, దేన్ని కొనసాగించాలో ముందుగానే రాయించుకోవాలి. గుండెలో స్టెంట్ ఉన్నవారి విషయంలో ఈ నిర్ణయం గుండె వైద్యుడితో మాట్లాడకుండా తీసుకోవడం ప్రమాదం.

కొలనోస్కోపీలో చూడవలసిన గుర్తులు

అనుభవమున్న గ్యాస్ట్రోఎంటరాలజిస్టు చాలా సందర్భాల్లో చూడగానే లైపోమాను గుర్తిస్తారు. అది లేత పసుపు రంగులో, నునుపుగా, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. కొన్నిటికి పొట్టి కాడ కూడా ఉంటుంది. చూపుతో ఆగకుండా మూడు చిన్న పరీక్షలు చేయవచ్చు. మూసి ఉన్న బయాప్సీ పట్టకారుతో గడ్డను నొక్కితే మెత్తని దిండులా గుంటపడి, వదలగానే మళ్లీ పైకి లేస్తుంది. దీన్ని పిల్లో సైన్ అంటారు. పట్టకారుతో పైనున్న శ్లేష్మపొరను పట్టి లాగితే, గడ్డ నుంచి విడివడి గుడారంలా పైకి లేస్తుంది; ఇది టెంటింగ్ సైన్. ఒకేచోట మళ్లీ మళ్లీ బయాప్సీ తీస్తే పైపొర తెగి పసుపు కొవ్వు బయటకు తొంగిచూస్తుంది. ఇది నేకెడ్ ఫ్యాట్ సైన్. వీటిలో మొదటిది అత్యంత సులువైనది, హాని లేనిది. రిపోర్టులో గడ్డ రంగు, పరిమాణం, ఏ భాగంలో ఉంది, నొక్కినప్పుడు గుంటపడిందా, పైన పుండు ఉందా అన్నవి రాసి ఉండాలి; లేకపోతే రాయమని మర్యాదగా అడగవచ్చు. తరువాతి వైద్యుడికి ఆ కొద్ది వాక్యాలు ఎంతో ఉపకరిస్తాయి.

బయాప్సీ గురించి రోగులలో ఒక అయోమయం ఉంది. బయాప్సీ పట్టకారు పైపొర నుంచి చిన్న ముక్కను మాత్రమే తీస్తుంది, గడ్డ దాని కింది పొరలో ఉంటుంది. అందుచేత పాథాలజీ రిపోర్టులో మామూలు శ్లేష్మపొర అని రావడం సహజం. గడ్డ లేదని దాని అర్థం కాదు, పరీక్ష తప్పిందనీ కాదు. గుర్తులన్నీ స్పష్టంగా ఉన్న చిన్న లైపోమాకు బయాప్సీ అవసరమే లేదు. అయితే గడ్డ గట్టిగా తగిలినా, ఉపరితలం గరుకుగా ఉన్నా, పుండు పడినా బయాప్సీ తప్పనిసరిగా తీయాలి. పుండు పడిన పెద్ద లైపోమా కంటికి క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది, కొన్ని క్యాన్సర్లూ అలాంటి లైపోమాలాగే కనిపిస్తాయి.

సీటీ స్కాన్, ఇతర పరీక్షలు

కొలనోస్కోపీలో సందేహం మిగిలినప్పుడు, గడ్డ పెద్దగా ఉన్నప్పుడు, కడుపునొప్పితో అత్యవసరంగా వచ్చినప్పుడు సీటీ స్కాన్ అక్కరకు వస్తుంది. సీటీలో ప్రతి కణజాలానికీ హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఒక సాంద్రత ఉంటుంది. నీటిది 0, కండరం వంటివి దానికి పైన, కొవ్వు దానికి కింద ఉంటాయి. పేగు లోపల అంచులు స్పష్టంగా, నునుపుగా ఉండి, సాంద్రత సుమారు మైనస్ 40 నుంచి మైనస్ 120 మధ్య అంతటా ఒకేలా ఉన్న గడ్డ కనిపిస్తే, అది లైపోమా అని రేడియాలజిస్టు ధైర్యంగా చెప్పగలరు. ఇంత సూటిగా తేలే గడ్డలు పేగులో అరుదు. కానీ మరీ చిన్న గడ్డల్లో ఈ కొలత నమ్మదగినదిగా ఉండదు. ఇంటస్ససెప్షన్ వల్ల రక్తప్రసరణ ఆగి వాపు వచ్చిన గడ్డలో కూడా కొవ్వు సాంద్రత చెదిరి, మామూలు కణితిలా భ్రమ కలిగించవచ్చు. ఎంఆర్‌ఐలో కొవ్వు మెరుపును అణిచివేసే పద్ధతి ఉంది. ఆ చిత్రాల్లో తెల్లని గడ్డ నల్లబడితే అది కొవ్వే. రేడియేషన్ వద్దనుకునే గర్భిణుల వంటివారికి ఈ మార్గం మేలు.

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో (గొట్టం కొన నుంచే పేగు గోడను స్కాన్ చేసే పరీక్ష) పేగు గోడ ఐదు చారలుగా కనిపిస్తుంది; శ్లేష్మపొర ఒక్కటే రెండు చారలుగా కనిపించడమే ఇందుకు కారణం. వాటిలో మూడోది సబ్‌మ్యూకోసా. ఆ చారలోనే, తెల్లగా, ఒకే తీరుగా ఉన్న గడ్డ కనిపిస్తే లైపోమా అని ధ్రువపడుతుంది. గడ్డను కొలనోస్కోపీ ద్వారా తీయాలనుకున్నప్పుడు, దాని వేరు కండరపొరలోకి చొచ్చుకుపోయిందో లేదో తెలుసుకోవడం ఈ పరీక్ష వల్ల కలిగే అసలైన ప్రయోజనం. పూర్వం మలద్వారం గుండా బేరియం ద్రవం ఎక్కించి తీసే బేరియం ఎనీమా ఎక్స్‌రేలో, పేగు బిగుసుకున్నప్పుడల్లా ఆకారం మార్చుకునే నీడను చూసి లైపోమాను ఊహించేవారు. ఇప్పుడు ఆ అవసరం దాదాపు లేదు.

దేనితో పొరబడే అవకాశముంది

చిన్నపేగు పెద్దపేగును కలిసే ఇలియోసీకల్ వాల్వ్ దగ్గర సహజంగానే కొవ్వు పేరుకుని ఉబ్బి ఉండవచ్చు. అది చుట్టూ పొర లేని కొవ్వు, గడ్డ కాదు, చికిత్స అక్కరలేదు. హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టే న్యూరో ఎండోక్రైన్ కణితి కూడా పసుపుగానే ఉంటుంది, కానీ నొక్కితే గట్టిగా ఉంటుంది, గుంటపడదు. దీన్ని లైపోమా అనుకుని వదిలేయడం తీవ్రమైన తప్పు అవుతుంది. లింఫ్ నాళాల నుంచి పుట్టే లింఫాంజియోమా మెత్తగా ఉన్నా నీటి బుడగలా కాంతిని లోపలికి పోనిస్తుంది. కొవ్వు కణాల క్యాన్సర్ అయిన లైపోసార్కోమా పెద్దపేగులో అత్యంత అరుదు. మన ప్రాంతంలో కుడివైపు పొత్తికడుపులో నొప్పితో, ముద్దతో వచ్చేవారిలో పేగు క్షయ, అమీబా వల్ల వచ్చే వాపు, అపెండిక్స్ చుట్టూ కట్టిన ముద్ద, సీకమ్ క్యాన్సర్ కూడా ఆలోచించవలసినవే. వీటిని తేల్చకుండా క్షయ మందులు మొదలుపెట్టడం గానీ, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లడం గానీ సరికాదు.

వదిలేయడం కూడా చికిత్సే

లక్షణాలు లేని, 2 సెంటీమీటర్లకు లోపున్న, గుర్తులన్నీ స్పష్టంగా ఉన్న లైపోమాకు ఏమీ చేయనవసరం లేదు. మందులు లేవు, పథ్యం లేదు, దాని కోసమే ఏడాదికోసారి కొలనోస్కోపీ చేయించుకోవలసిన పని కూడా లేదు. ఉన్నదాన్ని తీసేస్తే పోతుంది కదా అని కుటుంబసభ్యులు ఒత్తిడి చేయడం సహజమే. కానీ పేగుకు రంధ్రం పడే ప్రమాదం, అది ఎంత చిన్నదైనా, ఏ హానీ చేయని గడ్డ కోసం తలకెత్తుకోవలసినది కాదు. 2 సెంటీమీటర్లు దాటినా లక్షణాలు లేనివారి విషయంలో వైద్యుల అభిప్రాయాలు ఒకేలా ఉండవు. వయసు, ఇతర జబ్బులు, గడ్డ ఉన్న చోటు చూసి నిర్ణయించాలి. 80 ఏళ్ల పెద్దాయనలో మౌనంగా ఉన్న 3 సెంటీమీటర్ల గడ్డను అలాగే ఉండనివ్వడం నాకు సబబుగా తోస్తుంది.

కొలనోస్కోపీ ద్వారా తీయడం

గడ్డ వల్లే రక్తం పోతోందనో, నొప్పి వస్తోందనో తేలినప్పుడు, పేగు పూర్తిగా మూసుకుపోకుండా ఉంటే, కడుపు కోయకుండా తీసే మార్గాన్ని ముందుగా పరిశీలించాలి. ఇక్కడ కొవ్వు స్వభావమే ఒక చిక్కు తెస్తుంది. మామూలు పాలిప్‌ను వైరు ఉచ్చులో బిగించి కరెంటుతో కోస్తారు. కొవ్వులో నీరు తక్కువ కనుక కరెంటు దాని గుండా సులువుగా పోదు. కోత పూర్తి కావడానికి ఎక్కువసేపు కరెంటు పంపవలసి వస్తుంది, ఆ వేడి పేగు గోడకు పాకి రంధ్రం పడే ప్రమాదం ఉంటుంది. కాడ ఉన్న గడ్డల్లో, ఆ కాడలోకి కండరపొర లాగబడి ఉంటే ప్రమాదం మరింత పెరుగుతుంది. అందుకే 2 సెంటీమీటర్లు దాటిన లైపోమాలను ఇలా తీయడానికి వైద్యులు చాలాకాలం వెనుకాడారు.

ఈ చిక్కును దాటడానికి ఇప్పుడు కొన్ని పద్ధతులు ఉన్నాయి. గడ్డ కింద సెలైన్ ద్రవం ఎక్కించి కండరపొర నుంచి పైకి లేపి కోయడం ఒకటి. శ్లేష్మపొరను చుట్టూ కోసి, గడ్డను అడుగు నుంచి ఒలిచి తీసే ఈఎస్‌డీ మరొకటి. ఈఎస్‌డీకి ప్రత్యేక శిక్షణ కావాలి. కాడ మొదట్లో నైలాన్ ఉచ్చు బిగించి వదిలేస్తే, రక్తం అందక గడ్డ కొన్ని రోజుల్లో దానంతట అదే రాలిపోతుంది. ఇందులో కరెంటు అవసరం లేదు, కానీ పరీక్షకు గడ్డ చేతికి దొరకదు. అందుకని ఉచ్చు బిగించాక పైపొరను కొంత కోసి, లోపల కొవ్వు ఉందని కంటితో చూసి, ఒక ముక్కను పాథాలజీకి పంపడం మంచిది. గడ్డ పైభాగాన్ని మాత్రమే కోసేసి మిగతా కొవ్వు తనంతట తాను జారిపోయేలా చేసే పద్ధతి కూడా ఉంది. వీటిలో ఏది మంచిదన్నది గడ్డ ఆకారం, వైద్యుడి అనుభవం మీద ఆధారపడుతుంది. ఇటువంటివి ఇంతకుముందు చేశారా, రంధ్రం పడితే అదే ఆసుపత్రిలో సర్జన్ ఉన్నారా అన్న రెండు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడవద్దు.

ఇంటికి వచ్చాక కడుపు గట్టిపడినట్టు నొప్పి, జ్వరం, భుజం నొప్పి, గడ్డలు గడ్డలుగా రక్తం కనిపిస్తే మర్నాడు చూద్దామని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేడి వల్ల దెబ్బతిన్న గోడకు కొన్ని రోజుల తరువాత కూడా రంధ్రం పడవచ్చు.

ఆపరేషన్ అవసరమైనప్పుడు

గడ్డ చాలా పెద్దదై పేగుకు అడ్డుపడినప్పుడు, ఇంటస్ససెప్షన్ వచ్చినప్పుడు, కొలనోస్కోపీ ద్వారా తీయడం క్షేమం కానప్పుడు, ఎన్ని పరీక్షలు చేసినా క్యాన్సర్ కాదని తేలనప్పుడు సర్జరీ తప్పదు. చాలామందికి చిన్న రంధ్రాల గుండా చేసే లాపరోస్కోపీతోనే ఇది చేయవచ్చు. మెత్తని గడ్డ లాపరోస్కోపీ పరికరాలకు స్పర్శలో దొరకదు కనుక, ముందుగా కొలనోస్కోపీ సమయంలోనే గడ్డ దగ్గర సిరాతో గుర్తు పెట్టించడం తెలివైన పని. లైపోమా అని ఖాయమైతే పేగును తెరిచి గడ్డను మాత్రమే తీయవచ్చు, లేదా ఆ చిన్న భాగాన్ని కోసి రెండు చివరలనూ కలపవచ్చు. అనుమానం మిగిలితే లింఫ్ గ్రంథులతో సహా ఎక్కువ పేగును తీయవలసి వస్తుంది. ఆపరేషన్‌కు ముందు నిర్ధారణ ఎంత గట్టిగా ఉంటే కోత అంత చిన్నదవుతుందని దీన్నిబట్టి గ్రహించాలి. ఆపరేషన్ జరుగుతుండగానే గడ్డ ముక్కను గడ్డకట్టించి ల్యాబ్‌లో చూసే ఫ్రోజెన్ సెక్షన్ సదుపాయం ఉన్నచోట ఈ నిర్ణయం మరింత సులువు.

పిల్లల్లో వచ్చే ఇంటస్ససెప్షన్‌ను గాలితోనో, ద్రవంతోనో వెనక్కి నెట్టి చాలాసార్లు సరిచేస్తారు. పెద్దవారిలో అలా చేయకపోవడానికి కారణం ఉంది: దాదాపు 90 శాతం మందిలో దాని వెనుక ఏదో ఒక గడ్డో, ఇతర జబ్బో ఉంటుంది, పెద్దపేగులో అయితే అది క్యాన్సర్ అయ్యే అవకాశం తక్కువేమీ కాదు. అందుకే చాలామంది సర్జన్లు పెద్దపేగులో దాన్ని విడదీయకుండానే ఆ భాగాన్ని తీసేస్తారు. అయితే లైపోమా అని సీటీలో స్పష్టంగా తెలిసి, పేగు రంగు బాగుంటే విడదీసి తక్కువ భాగం కోయడానికీ వీలుంది. వాంతులు, కడుపు ఉబ్బరం, గాలి కూడా పోకపోవడం, ఎర్రని జిగట మలం కలిసి వస్తే ఇది గంటల వ్యవధిలో ప్రాణం మీదికి తెచ్చే స్థితి. సర్జన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చికిత్స పొందదలచినవారు అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి, తమ చికిత్స ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో కనుక్కోవాలి.

తీసిన ప్రతి గడ్డనూ పాథాలజీకి పంపించి, ఆ రిపోర్టును చేతికి తీసుకోవాలి. పరిపక్వమైన కొవ్వు కణాలు, చుట్టూ పలుచని పొర, క్యాన్సర్ కణాలు లేవు అని అందులో ఉంటే నిర్ధారణ పూర్తయినట్టే. తీసిన చోట లైపోమా మళ్లీ రావడం అరుదు. తరువాతి కొలనోస్కోపీ ఎప్పుడన్నది లైపోమాను బట్టి ఉండదు. అదే పరీక్షలో అడినోమా పాలిప్‌లు దొరికాయా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ తేదీని డిశ్చార్జి కాగితం మీద వైద్యుడితో రాయించుకోవాలి.